తక్కువ సాధనతో 21 కిలోమీటర్లు: సీమ నేల మీద ఒక చిక్కు ప్రశ్న

పెద్దగా సాధన లేకుండా హాఫ్ మారథాన్ పరిగెత్తవచ్చా? కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ముగ్గురు మూడు జవాబులు చెబుతారు. హైదరాబాద్, బెంగళూరు పరుగులకు పేరు నమోదు చేసుకునే ఉద్యోగులు పన్నెండు వారాల సాధన పట్టిక లేనిదే దిగకూడదంటారు. ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే భక్తులను అడిగితే, ఏ పట్టికా లేకుండా రోజంతా నడవడం తరతరాలుగా ఉన్నదేనంటారు. పోలీసు, అటవీ ఉద్యోగాల ‘ఈవెంట్స్’కు దిగే నిరుద్యోగ యువతకు ఈ చర్చకు తీరికే ఉండదు. పిలుపు వచ్చాక సిద్ధంగా ఉన్నా లేకపోయినా గ్రౌండులోకి దిగాల్సిందే.

ఈ మూడు జవాబుల్లోనూ కొంత నిజం ఉంది. చర్చ ముడిపడిపోవడానికి కారణం, తయారీ అంతా ఒకే సరుకు అనుకోవడం. గుండె, ఊపిరితిత్తుల దమ్ము ఒకటి. కాళ్ళ కండరాలు, ఎముకలు, కీళ్ళ ఓర్పు మరొకటి. ఎండకు ఒళ్ళు అలవాటుపడటం మూడోది. వేగాన్ని అదుపులో పెట్టుకునే తెలివిడి నాలుగోది. ఒక మనిషిలో మొదటిది నిండుగా ఉండి రెండోది లేకపోవచ్చు, మూడూ ఉండి నాలుగోది కొరవడవచ్చు. ఈ నాలుగింటినీ విడదీసి చూస్తే, పరస్పరం కొట్టుకుంటున్నట్టు కనిపించే వాదాలు చాలావరకు సర్దుకుంటాయి. సర్దుకోనివి ఏమిటో కూడా స్పష్టమవుతుంది.

ఈ దూరం మన దాకా ఎలా వచ్చింది

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన 42.195 కిలోమీటర్లను 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య మారథాన్ దూరంగా ఖాయం చేసింది. అందులో సగం ఇది. ఒలింపిక్స్‌లో దీనికి చోటు లేదు, దీన్ని పెంచింది సామాన్య జనమే. 1981లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మొదలైన గ్రేట్ నార్త్ రన్ వేలాది మందిని రోడ్డెక్కించింది. 1992లో తొలి ప్రపంచ హాఫ్ మారథాన్ పోటీలు జరిగింది కూడా అదే న్యూకాజిల్‌లో. మన దేశంలో 2004లో ముంబై మారథాన్, 2005లో ఢిల్లీ హాఫ్ మారథాన్, 2008లో బెంగళూరు 10 కిలోమీటర్ల పరుగు మొదలయ్యాయి. తెలుగువాళ్ళకు హైదరాబాద్‌లో ఏటా ఆగస్టులో జరిగే మారథాన్, విశాఖలో నౌకాదళం నిర్వహించే మారథాన్ దగ్గరయ్యాయి. పూర్తి మారథాన్ అందనంత దూరంగా అనిపించేవాళ్ళకు సగం దూరం అందుబాటులో కనిపిస్తుంది. తక్కువ సాధనతో దిగే సాహసం కూడా ఇక్కడే ఎక్కువ.

సీమలో దూరం నడవడం మాత్రం ఈ పోటీలకన్నా పాతది. శివరాత్రికి, ఉగాదికి వేలాది మంది నల్లమల మీదుగా శ్రీశైలం నడుస్తారు. ఉగాదికి ఉత్తర కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కన్నడ భక్తులు బారులు తీరి వస్తారు. కర్నూలు దాటి, ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా సాగే అడవి దారి వాళ్ళది. కడప వైపు నుంచి తిరుమలకు అన్నమయ్య నడిచాడని చెప్పుకునే కాలిబాట ఉంది. వీటికి తోడు గత కొన్ని దశాబ్దాల్లో మూడో ప్రవాహం వచ్చింది, సర్కారు కొలువుల పరీక్షలు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకంలో పురుషులు 1,600 మీటర్లను 8 నిమిషాల్లో ముగించాలి. అటవీ శాఖ బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్ కొలువులకు పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 4 గంటల్లో 16 కిలోమీటర్లు నడవాలి. పురుషుల నడక దూరం హాఫ్ మారథాన్‌ను మించిపోయింది. అందువల్ల ఈ చర్చ సీమలో సరదాకు పరిగెత్తేవాళ్ళకే పరిమితం కాదు.

మొదటి వాదం: క్రమంగా పెంచాలి

వ్యాయామ శిక్షకుల్లో ఎక్కువమంది నమ్మేది ఇదే. పన్నెండు నుంచి పదహారు వారాలు తీసుకో, వారానికి పది శాతానికి మించి దూరం పెంచకు, పోటీకి ముందు కనీసం ఒకసారి పదిహేను కిలోమీటర్లు దాటు. దీని వెనకున్న తర్కం బలమైనది. గుండె, రక్తం కొద్ది వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముకలు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు నెలల తరబడి సమయం అడుగుతాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళలో ఊపిరి సిద్ధమయ్యేసరికి కాలు ఇంకా సిద్ధం కాదు. మడమ, మోకాలు, కాలి ముందెముక నొప్పులు ఈ సందులోనే పుడతాయి.

అయితే పది శాతం సూత్రాన్ని పరీక్షకు పెట్టినప్పుడు ఫలితం అనుకున్నట్టు రాలేదు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త పరుగరులపై జరిగి 2008లో వెలువడిన అధ్యయనంలో, మెల్లగా 13 వారాలు పెంచినవాళ్ళలోనూ, 8 వారాల మామూలు పట్టిక పాటించినవాళ్ళలోనూ సుమారు అయిదోవంతు మంది గాయపడ్డారు. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. 2025లో 5,205 మంది పరుగరుల వివరాలతో వచ్చిన మరో అధ్యయనం చిక్కును కొంత విప్పింది. వారం మొత్తంలో ఎంత పెంచామన్నది కాదు, ఒక్క పూటలో ఎంత దూకామన్నదే గాయానికి దగ్గరి సంబంధం ఉన్న సంగతి అని అది తేల్చింది. గడిచిన 30 రోజుల్లో పరిగెత్తిన అత్యధిక దూరానికి రెట్టింపు దాటి ఒకే రోజున పరిగెత్తినవాళ్ళలో గాయాల ముప్పు రెండింతలకు మించింది. నెలలో ఎన్నడూ ఎనిమిది కిలోమీటర్లు దాటనివాడు నేరుగా 21 కిలోమీటర్లకు దిగితే జరిగేది సరిగ్గా ఆ దూకుడే. మొదటి వాదంలోని సూత్రం వీగినా, దాని సారం మాత్రం నిలిచింది.

రెండో వాదం: కాయకష్టమే సాధన

పొలంలో, గొర్రెల వెంట, బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో ఒళ్ళు వంచినవాళ్ళకు వేరే సాధన దేనికి అన్నది ఈ వాదం. దీన్ని పల్లెటూరి గొప్పగా కొట్టేయడానికి వీల్లేదు. మనిషి దేహం దూరం పరిగెత్తడానికే మలచబడిందని డెనిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్‌మాన్ 2004లో ‘నేచర్’ పత్రికలో వాదించారు. చెమట పట్టే చర్మం, పొడవైన కాళ్ళు, స్ప్రింగులా పనిచేసే మడమ స్నాయువు అందుకు వాళ్ళు చూపిన సాక్ష్యాలు. ఇంధనం లెక్క కూడా ఈ వాదానికి అనుకూలమే. కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కేలరీ చొప్పున, 60 కిలోల మనిషికి 21 కిలోమీటర్లకు 1,260 కేలరీలు పడతాయి. కండరాల్లో, కాలేయంలో దాచిన పిండిపదార్థమే దాదాపుగా దానికి సరిపోతుంది. పూర్తి మారథాన్‌లో ముప్పయ్యో కిలోమీటరు తర్వాత వచ్చే ఇంధన కరువు సగం దూరంలో అంతగా ఎదురుకాదు.

2020 నవంబరులో ఢిల్లీలో 60 నిమిషాల 30 సెకండ్లలో హాఫ్ మారథాన్ ముగించి, 61 నిమిషాలలోపు పరిగెత్తిన తొలి భారతీయుడైన అవినాశ్ సాబ్లే మరాఠ్వాడాలోని బీడ్ జిల్లావాడు. మన సీమలాగే కరువు నేల అది. బడికి కాలినడకన, పరుగున పోయిన బాల్యం అతనిది. శ్రీశైలం భక్తులూ ఈ వాదానికి నిలువెత్తు సాక్ష్యం. వాళ్ళలో ముసలివాళ్ళున్నారు, చెప్పుల్లేనివాళ్ళున్నారు.

ఇక్కడ మూడు అభ్యంతరాలు నిలుస్తాయి. మొదటిది, చేరినవాళ్ళే మనకు కనిపిస్తారు. దారిలో కాళ్ళు బొబ్బలెక్కి బస్సెక్కినవాళ్ళనూ, పిక్కలు పట్టేసి ఆగిపోయినవాళ్ళనూ ఎవరూ లెక్కపెట్టరు. రెండోది, సాబ్లే సంగతి. బాల్యం నడక పునాది వేసింది, దాని మీద సైన్యంలో ఏళ్ళ తరబడి శిక్షణ కట్టడమైంది. 2014 మే 25న 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ విషయమూ అంతే. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన ఆ అమ్మాయిని భువనగిరి బండ మీద, డార్జిలింగులో, లడఖ్‌లో నెలల పాటు తయారుచేశారు. కష్టజీవి బిడ్డ కదా, శిక్షణ అక్కర్లేదని ఎవరూ అనుకోలేదు. మూడోదే సీమకు అన్నిటికన్నా ముఖ్యం. రైతు కొడుకు ఇప్పుడు పొలంలో లేడు. నంద్యాల, కర్నూలు, కడప కోచింగ్ సెంటర్లలో, స్టడీ హాళ్ళలో కుర్చీకి అంటుకుని ఉన్నాడు. వ్యాయామం ఆపిన రెండు మూడు వారాల్లోనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. తండ్రి చేసిన కాయకష్టం కొడుకు కాళ్ళకు రాదు.

మూడో వాదం: నడుస్తూ పరిగెత్తు

1972 ఒలింపిక్స్‌లో పాల్గొన్న అమెరికా పరుగరి జెఫ్ గాలొవే 1974 నుంచి కొత్తవాళ్ళకు నేర్పుతూ వచ్చిన పద్ధతి ఇది. అలసట వచ్చాక నడవడం కాదు, అలసట రాకముందే మొదటి నిమిషాల నుంచీ కొంత పరుగు, కొంత నడక అని విభజించుకోవడం. దీన్ని చాలాకాలం చిన్నచూపు చూశారు, నడిస్తే అది పరుగు కాదన్నారు. జర్మనీలో 42 మంది సాధారణ పరుగరులకు 12 వారాలు శిక్షణ ఇచ్చి, సగం మందిని పూర్తిగా పరుగుతోనూ, సగం మందిని నడక విరామాలతోనూ మారథాన్‌కు పంపారు. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం రెండు జట్ల సగటు సమయాల మధ్య తేడా ఏడు నిమిషాలే. గుండె మీద పడిన భారం రెండు జట్లకూ ఒకటే. కండరాల నొప్పి, బడలిక మాత్రం నడిచిన జట్టులో తక్కువ.

తక్కువ సాధన ఉన్నవాడికి ఈ వాదం ఇచ్చే వెసులుబాటు పెద్దది. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతల దెబ్బ కాలి మీద పడుతుంది. నడకలో అంత పడదు. శ్రీశైలం భక్తులు శాస్త్రం చదవకుండానే ఈ సూత్రాన్ని పట్టుకున్నారు. తెల్లవారుజామున, సాయంత్రం నడుస్తారు, మిట్టమధ్యాహ్నం చెట్టు నీడన ఆగుతారు, ఊరూరా మజ్జిగ, అన్నం అందుకుంటారు, కాళ్ళకు నూనె రాయించుకుంటారు. వాళ్ళు సాధన లేకుండా నడుస్తున్నారన్నది సగం నిజమే. వేగం విషయంలో వాళ్ళకు తరాల తయారీ ఉంది.

ఈ వాదానికీ ఒక హద్దుంది. నిర్ణీత సమయం ఉన్న పరీక్షలో నడక విరామం తీసుకునే వీలు తక్కువ. అటవీ శాఖ నడకనే చూడండి. 4 గంటల్లో 25 కిలోమీటర్లంటే గంటకు 6.25 కిలోమీటర్లు. మనిషి సహజంగా, తక్కువ శక్తితో నడిచే వేగం గంటకు 5 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. 7 దాటితే దేహం తనంతట తానే పరుగుకు మారుతుంది. ఈ రెండింటి నడుమ, నడకకు ఎక్కువగా, పరుగుకు తక్కువగా ఉండే వేగంలో నాలుగు గంటలు సాగడం కాలి ముందు కండరాలకు కఠినమైన పని. నడకే కదా అని సాధన మానేసినవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. మహిళలకు పెట్టిన గంటకు 4 కిలోమీటర్ల వేగం ఆ రకంగా చాలా నయం.

నాలుగో వాదం: ముందు గుండె చూసుకో

వైద్యులు చెప్పేది ఇది. అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్ పరిగెత్తిన కోటీ 9 లక్షల మందిలో 59 మందికి గుండె ఆగింది, 42 మంది చనిపోయారు. హాఫ్ మారథాన్‌లో ఈ ముప్పు లక్షకు 0.27, పూర్తి మారథాన్‌లో లక్షకు 1.01. 2010 నుంచి 2023 వరకు 2 కోట్ల 93 లక్షల మందిని లెక్కించిన తరువాతి అధ్యయనంలో గుండె ఆగిన ఘటనలు 176. గుండె ఆగే రేటు పెద్దగా మారలేదు. కానీ ఆగినవాళ్ళలో చనిపోయేవాళ్ళు 71 శాతం నుంచి 34 శాతానికి తగ్గారు. పక్కనున్నవాళ్ళు వెంటనే ఛాతీ నొక్కి సీపీఆర్ చేయడం, షాక్ యంత్రాలు దగ్గరగా ఉండటం ఇందుకు ప్రధాన కారణాలు.

సాధన తక్కువైతే గుండె మీద భారం ఎక్కువవుతుందా? 2004, 2005 బోస్టన్ మారథాన్లలో 60 మంది సాధారణ పరుగరులను పరీక్షించినప్పుడు, వారానికి 56 కిలోమీటర్ల లోపు సాధన చేసినవాళ్ళలో గుండె ఒత్తిడి గుర్తులు, కుడి గది అలసట ఎక్కువగా కనిపించాయి. మరోవైపు, లండన్ మారథాన్‌కు తొలిసారి సిద్ధమైన 138 మందిపై 2020లో వచ్చిన అధ్యయనం ఆశ కలిగిస్తుంది. ఆరు నెలల మోస్తరు సాధనతోనే వాళ్ళ రక్తపోటు తగ్గింది, రక్తనాళాలు సుమారు నాలుగేళ్ళు వయసు తగ్గినట్టు మెత్తబడ్డాయి. సాధన పరుగుకు అనుమతి మాత్రమే కాదని, అసలు లాభమంతా అందులోనే ఉందని ఈ రెండు అధ్యయనాలు కలిపి చదివితే తెలుస్తుంది.

నాలుగు వాదాలు పక్కపక్కన

- క్రమ సాధన వాదం: కాళ్ళ తయారీని చక్కగా పట్టించుకుంటుంది. ఉద్యోగ పిలుపు మీద బతికేవాళ్ళకు అంత గడువు దొరకదన్నది దాని ఇబ్బంది.
- కాయకష్టం వాదం: దమ్ము, ఓర్పు ఎక్కడినుంచి వస్తాయో చెబుతుంది. ఇప్పుడు కాయకష్టం చేస్తున్నవాళ్ళకే అది వర్తిస్తుందని మరిచిపోతుంది.
- నడక–పరుగు వాదం: వేగం అదుపును నేర్పుతుంది. తక్కువ సాధనవాళ్ళకు అన్నిటికన్నా ఆచరణయోగ్యం. గడియారంతో పోటీ ఉన్నచోట చేతులెత్తేస్తుంది.
- వైద్య వాదం: అరుదైనా ప్రాణాంతకమైన ముప్పును ముందుకు తెస్తుంది. ఆ ముప్పును తప్పించే బాధ్యతలో పెద్ద వాటా నిర్వాహకులదని రుజువు చేస్తుంది.

నాలుగింటిలోనూ పూర్తి జవాబు లేనిది ఒక్క ఎండకే.

ఎండ: సీమకు వేరే లెక్క

పై అధ్యయనాలు చాలావరకు అమెరికా, యూరప్ చల్లని ఉదయాల్లో జరిగినవి. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 44, 45 డిగ్రీలకు చేరుతుంది. మన వేడి కోస్తా ఉక్క లాంటిది కాదు, పొడి వేడి. చెమట వెంటనే ఆరిపోతుంది. అది దేహాన్ని చల్లబరుస్తుంది కాబట్టి మేలే. కానీ ఒళ్ళు తడవకపోవడంతో ఎంత నీరు పోయిందో పరిగెత్తేవాడికి తెలియదు. గాలి వేడి చర్మం వేడిని దాటితే, గాలే దేహానికి వేడిని ఎక్కిస్తుంది.

ఇజ్రాయెల్‌లో 2007 నుంచి 2013 వరకు 1,37,580 మంది పరుగరులను చూసిన వైద్యులు, ప్రమాదకరమైన వడదెబ్బ కేసులు 21, తీవ్రమైన గుండె ఘటనలు 2 అని 2014లో ప్రకటించారు. వేడి నేలల్లో గుండెకన్నా ముందు భయపడాల్సింది వడదెబ్బకే అన్నమాట. 2013 మార్చిలో టెల్ అవీవ్‌లో వేడిగాలుల హెచ్చరికతో పూర్తి మారథాన్‌ను వాయిదా వేసి, హాఫ్ మారథాన్‌ను మాత్రం నడిపించారు. ఒకరు చనిపోయారు, ఎంతోమంది ఆస్పత్రి పాలయ్యారు. సగం దూరమే కదా అన్న ధీమా ఎండ ముందు నిలవలేదు. 2005లో గ్రేట్ నార్త్ రన్‌లో వేడి రోజున నలుగురు చనిపోయారు. ఇంగ్లండ్ సెప్టెంబరు ఎండకే అలా ఉంటే మన చైత్రమాసం సంగతి ఊహించవచ్చు.

ఎండకు అలవాటుపడటానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు చాలు. రోజూ గంట, గంటన్నర వేడిలో మెల్లగా కదిలితే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఆపేస్తే కొద్ది వారాల్లోనే ఆ అలవాటు పోతుంది. ఈ తయారీ సీమ వ్యవసాయ కూలీకి పుష్కలంగా ఉంటుంది, ఫ్యాను కింద చదువుకునే అభ్యర్థికి ఉండదు. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు కావచ్చు.

వడదెబ్బ తగిలినప్పుడు చేయాల్సిన పని మీద మాత్రం వివాదం లేదు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి తరలించాలి. అమెరికాలో ఆగస్టులో జరిగే ఫాల్మత్ పరుగులో 18 ఏళ్ళలో వడదెబ్బ తగిలిన 274 మందిని ఐసు నీళ్ళ తొట్టిలో ముంచారు. అందరూ బతికారు. ఒక తొట్టి, నీళ్ళు, ఐసుగడ్డలు, ఇద్దరు మనుషులు ఉంటే ఇది కర్నూలులోనైనా, కడపలోనైనా సాధ్యమే. తొట్టి లేకపోతే టార్పాలిన్ పట్టలో ఐసునీళ్ళు పోసి నలుగురు నాలుగు కొసలు పట్టుకున్నా పని జరుగుతుంది.

నీళ్ళూ, ఉప్పూ

ఎంత తాగితే అంత మంచిదన్న సలహా ఒకప్పుడు రాజ్యమేలింది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ప్రమాణం కన్నా తక్కువగా ఉంది. ఎక్కువసేపు పరిగెత్తినవాళ్ళలో, దారిపొడవునా తాగి బరువు పెరిగినవాళ్ళలో ఈ ముప్పు ఎక్కువ. అంటే తక్కువ సాధనతో మెల్లగా సాగేవాళ్ళే దీనికి దగ్గర. దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ దాహం వేసినప్పుడే తాగాలని దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చారు. పొడి ఎండలో మూడు నాలుగు గంటలు సాగేవాళ్ళకు దాహం ఒక్కటే సరైన కొలత కాదని, ఎంత చెమట పోతుందో లెక్కగట్టి తాగాలని మరో పక్షం అంటుంది.

ఇద్దరూ ఒప్పుకునేది, వట్టి నీళ్ళు గంటల తరబడి మోతాదు మించి తాగకూడదని. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన ఇంటి ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ, ముందురోజు రాత్రి రాగి సంగటి – ఇవి సీమ వంటింట్లోనే ఉన్నాయి. భక్తుల దారిలో మజ్జిగ పంచే ఊళ్ళు చేస్తున్నది శాస్త్రం మెచ్చే పనే.

ఎంచుకునే వీలు లేని పరుగు

సరదా పరుగరికి ఒళ్ళు బాగోకపోతే మానుకునే స్వేచ్ఛ ఉంది. ఉద్యోగార్థికి లేదు. చర్చలో తరచూ మరుగున పడే ఈ తేడాయే నైతికంగా అన్నిటికన్నా బరువైనది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో వెలువడిన కానిస్టేబుల్ ప్రకటనకు 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. నడుమ దాదాపు రెండేళ్ళు. తేదీ తెలియకుండా ఎవరైనా అంతకాలం ఎలా సాధన నిలబెట్టుకోగలరు? 2025 జనవరి మొదటివారంలో మచిలీపట్నంలో 1,600 మీటర్ల పరుగులో ఒక అభ్యర్థి కుప్పకూలి చనిపోయాడు. అంతకుముందు, 2024 మే ఎండల్లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో అటవీ శాఖ 25 కిలోమీటర్ల నడకలో ఒక యువకుడి ప్రాణం పోయింది. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఝార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ పరీక్షలో 60 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పరిగెత్తబోయి పదిమందికి పైగా చనిపోయారు. ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ పరీక్షను కొద్దిరోజులు ఆపించి, ఉదయం 9 తర్వాత పరుగు పెట్టవద్దని ఆదేశించారు. ఆ జాగ్రత్త మొదటిరోజే తీసుకుని ఉండాల్సింది.

మహిళా అభ్యర్థుల విషయంలో మరో లోటు ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం తక్కువైనప్పుడు ఎంత సాధన చేసినా దమ్ము అంతగా పెరగదు. సాధన మొదలుపెట్టడానికి ముందు హిమోగ్లోబిన్ చూపించుకుని, లోటు ఉంటే మాత్రలతో సరిచేసుకోవడం ఏ పట్టికకన్నా ముఖ్యమైన తొలి అడుగు.

తేలినవి, తేలనివి

తేలినవాటిని నాలుగు మాటల్లో చెప్పవచ్చు. ఆరోగ్యంగా ఉండి, రోజూ కొంత కదిలే మనిషి చల్లని ఉదయాన, నడక కలుపుకుని 21 కిలోమీటర్లు ముగించగలడు. అతనికి పెద్ద ముప్పు కాళ్ళ గాయాలు. వేగం పెంచితే ఆ ముప్పు గుండె దాకా వస్తుంది. ఎండలో పరిగెత్తితే ప్రాణం దాకా వస్తుంది.

తేలనివి ఇంకా ఉన్నాయి. పరుగుకు ముందు అందరికీ ఈసీజీ తీయాలా? ఇటలీ 1982 నుంచి క్రీడాకారులకు దీన్ని తప్పనిసరి చేశాక వెనెటో ప్రాంతంలో ఆకస్మిక మరణాలు 89 శాతం తగ్గాయని 2006లో లెక్క తేల్చారు. ఇజ్రాయెల్ 1997లో ఇలాంటి చట్టమే తెస్తే ముందుకూ తర్వాతకూ తేడా కనిపించలేదని 2011లో మరో అధ్యయనం చెప్పింది. రెండు దేశాల అనుభవాలు రెండు వైపులా లాగుతున్నాయి.

ఎంత వేడిలో పరుగు ఆపాలన్నదీ తేలలేదు. గాలి వేడి, తేమ, ఎండ తాకిడి కలిపి చూసే వెట్ బల్బ్ గ్లోబ్ కొలత 28 డిగ్రీలు దాటితే పోటీ వాయిదా వేయాలని అమెరికా క్రీడా వైద్యుల సంఘం ఒకప్పుడు సూచించింది. చల్లని ప్రాంతాలవాళ్ళు అంతకన్నా తక్కువ వేడికే కూలిపోయారు. ఎండకు అలవాటుపడిన సీమవాసికి హద్దు ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడి మనుషులను ఇక్కడే పరీక్షించి తేల్చాల్సిన సంగతి. కర్నూలు వైద్య కళాశాల, కడప రిమ్స్ వంటి సంస్థలు చేయదగిన పని ఇది.

చివరిది, దూరపు పరుగు కొలువుకు కావాల్సిన సత్తాను నిజంగా కొలుస్తుందా అన్నది. నల్లమలలో గస్తీ తిరిగే అటవీ ఉద్యోగికి నడక సత్తా కావాలనడంలో సందేహం లేదు. కానీ ఆ సత్తా ఒక్క ఉదయం, ఒక్క గడియారం ముందు తేలాలా, ఎంపికయ్యాక శిక్షణలో పెంచవచ్చా అన్న చర్చ ఇంకా మొదలు కావాలి.

చివరి మాట

తక్కువ సాధన అన్నది చాలాసార్లు బద్ధకం కాదు, గడువు దొరకకపోవడం. సొంతంగా పరుగును ఎంచుకునేవాళ్ళకు సలహా సులువు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న చల్లని ఉదయాలను ఎంచుకోండి, గత నెలలో పరిగెత్తిన దూరానికి రెట్టింపు దూకకండి, మొదటి కిలోమీటరు నుంచే నడక కలపండి, ఛాతీ బిగిసినా, తల తిరిగినా, చలి పుట్టినా ఆగిపోండి. ఆగినవాడు వచ్చే ఏడాది మళ్ళీ పరిగెత్తగలడు.

కొలువు కోసం పరిగెత్తేవాళ్ళ విషయంలో మాత్రం సలహా ఇవ్వాల్సింది అభ్యర్థికి కాదు, పరీక్ష పెట్టేవాళ్ళకు. దేహ పరీక్ష తేదీని కనీసం పన్నెండు వారాల ముందు ఖాయంగా ప్రకటించాలి. మార్చి నుంచి జూన్ వరకు దూరపు పరుగు, నడక పెట్టకూడదు. పెట్టిన ప్రతి గ్రౌండులో ఐసు తొట్టి, షాక్ యంత్రం, సీపీఆర్ తెలిసిన మనుషులు ఉండాలి. అనారోగ్యంతో ఆ రోజు దిగలేనివాళ్ళకు మరో తేదీ ఇవ్వాలి. వీటిలో ఏదీ ప్రభుత్వానికి భరించలేని ఖర్చు కాదు. దూరాన్ని తట్టుకునే సత్తా సీమ యువతకు ఉంది. దాన్ని పెంచుకునే గడువునూ, తప్పటడుగు పడ్డప్పుడు కాపాడే ఏర్పాటునూ ఇవ్వడం వాళ్ళను పరిగెత్తించేవాళ్ళ బాధ్యత.